ప్రోగ్రాము వ్రాసినవారికి మనము వ్రాయవలసిన జాబు

(సంఘ భవనమున కంప్యూటరు వాడుక నేర్చుకొనుచున్న సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము ముచ్చటింపబూనిన విషయము చూపునకు మిక్కిలి చిన్నది. కంప్యూటరుపై మనము దినదినము తెరచి మూయుచుండు చిన్న ప్రోగ్రాములలో ఏదేని లోపము కనబడినపుడు, లేక ఉండవలసిన సదుపాయము లేదని తోచినపుడు, ఆ మాటను దానిని వ్రాసినవారికి ఎట్లు తెలుపవలెను అనునదే ఆ విషయము. దీనికొక ప్రసంగము కావలెనా అని మీలో కొందరికి నవ్వు రావచ్చును. కాని మన వారపత్రిక కూర్పు జరుగుచున్నది ఇట్టి ప్రోగ్రాముల మీదనే. మన సభ్యుల జాబితా, మన పిల్లలకు ఆదివారములందు చెప్పు తెలుగు పాఠములు, పెండ్లి పత్రికలు, పెద్దల సంస్మరణ సంచికలు, అన్నియు వాటి చేతిమీదుగనే నడచుచున్నవి. చుట్టును మరియొక భాష మాటాడు ఊళ్ళలో తరతరములుగా నివసించుచున్న మనకు, తెలుగు అక్షరము తెరమీద సరిగా నిలుచునా నిలువదా అనునది చిన్న సంగతి కాదు.

చిన్న ప్రోగ్రాములనగా ఏవి? ఇంగ్లీషు మీటలపై తెలుగు టైపు చేయనిచ్చునది, పాత ఫాంటులలోని వ్రాతను యూనికోడులోనికి మార్చునది, ఫోటోల కొలత తగ్గించునది, విడివిడి పుటలను ఒక్క పుస్తకముగా కలుపునది, అంగడి పద్దు వ్రాసికొనునది, తిథివార నక్షత్రములు చూపునది. వీటిలో పెక్కింటి వెనుక కంపెనీ లేదు, కచేరి లేదు, ఫిర్యాదులు పుచ్చుకొను గుమాస్తా లేడు. ఒక మనిషియో ఇద్దరో తీరిక వేళలందు వ్రాసి లోకమునకు ఊరక ఇచ్చినవే అవి. ప్రపంచమంతట వాడబడుచున్న సెవెన్ జిప్ అను ఫైళ్ళను కుదించు ప్రోగ్రామును 1999లో ఇగోర్ పావ్లోవ్ అను ఒక్క రష్యను వెలువరించెను. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనుదానిని 2003లో డాన్ హో మొదలుపెట్టెను. దూరపు కంప్యూటరులతో మాటాడుటకు పనికివచ్చు పుటీ అనునది ఇంగ్లండులోని సైమన్ టాథమ్ చేతిలో పుట్టినది. లక్షలాది బల్లలపై నడచు వస్తువులు ఇట్లు ఒకరిద్దరి చేతులపై నిలిచియున్నవి.

ఇక ప్రోగ్రాము మొరాయించినపుడు మనము చేయు పని ఏమి? ప్రక్కవారితో చెప్పి విసుగుకొందుము. మేనల్లుడు సెలవులకు వచ్చినపుడు చూపింతమని ఊరకుందుము. అతడు వచ్చి దానిని తీసివేసి వేరొకటి పెట్టి పోవును. ఈ కథలో ఒక్క ముక్కయు ప్రోగ్రాము వ్రాసినవారి చెవిని పడదు. దర్జీ కుట్టిన చొక్కా బిగువైనచో మనము తొడుగుకొనగనే అతని కంట పడును, చెప్పకున్నను సరిచేయును. ప్రోగ్రాము వ్రాసినవాడు ఎక్కడనో మరియొక దేశమున నుండును. మన తెర అతనికి కానరాదు. మనము చెప్పక ఊరకున్నచో అంతయు బాగుగనే యున్నదని అతడు తలచును. అట్లు తలచుట అతని తప్పును కాదు.

అందరికిని తెలిసిన నోట్‌ప్యాడును తీసికొందము. 1985లో వెలువడిన మొదటి విండోసు నాటినుండియు అది ఉన్నది. అంతకంటె చిన్న ప్రోగ్రాము అరుదు. అయినను చిరకాలము అందులో మనవంటివారికి ఒక గొయ్యి ఉండెను. తెలుగు వ్రాసి, దాచుమని చెప్పినచో, అది మొదట చూపునది ఆన్సి అను పాత సంకేత పద్ధతి. ఆ పద్ధతిలో తెలుగునకు చోటు లేదు. అక్షరములు పోవునని ఇంగ్లీషున ఒక హెచ్చరిక చేయును గాని, అది చదువక సరే అని నొక్కినవారికి, మరునాడు ఫైలు తెరచినపుడు తెలుగక్షరములుండిన చోటనెల్ల ప్రశ్నార్థకములు వరుసగా కనబడును. అవి మరల అక్షరములు కావు. పోయినది పోయినదే. 2019 మే నెలలో వచ్చిన విండోసు 10 కూర్పుతో ఆ ప్రోగ్రాము యు.టి.ఎఫ్. 8 అను పద్ధతినే మొదట చూపనారంభించెను. అంతకు ముందటి ఏడు, అనగా 2018లో, మరియొక మార్పును ప్రకటించిరి. యూనిక్సు కంప్యూటరులనుండి వచ్చిన వ్రాత నోట్‌ప్యాడులో పంక్తులు విడక ఒక్కటే తాడువలె సాగుచుండెడిది. ఎన్నో ఏండ్ల పాటు వాడుకరులు మొరపెట్టుకొన్న ఆ ఇబ్బందిని అప్పుడు తొలగించిరి. ఇంత చిన్న వస్తువునకు ఇంత చిన్న దిద్దుబాటు జరుగుటకు ముప్పది ఏండ్లు దాటినవన్నమాట.

అదే నోట్‌ప్యాడులో ఒక వింత దోషముండెను. ఆంగ్లమున నాలుగు, మూడు, మూడు, ఐదు అక్షరముల పదములు నాలుగు వరుసగా వ్రాసి, ఫైలును దాచి, మరల తెరచినచో, కొన్ని వాక్యముల విషయమున ఇంగ్లీషు మాయమై తొమ్మిది చీనా అక్షరములు కనబడుచుండెడివి. దయ్యము పట్టినదని కొందరు, రాజకీయపు కుట్ర యని కొందరు చెప్పుకొనిరి. అసలు సంగతి వేరు. ఫైలు పైన అది ఏ సంకేత పద్ధతిలోనిదో తెలుపు చీటి లేదు. ప్రోగ్రాము ఊహించుకొనవలెను. ఖాళీలతో కలిపి పదునెనిమిదిగా ఉన్న ఆ గుర్తులను రెండేసి చొప్పున జతపరచి, ఇవి తొమ్మిది యూనికోడు అక్షరములని అది పొరబడెను. విండోసు విస్టాతో ఆ దోషము పోయినది. మేము దీనిని ఇక్కడ చెప్పుటకు కారణము, లోపమును తెలుపుటలో ఇంతకంటె చక్కని మాదిరి దొరకదు. నాలుగు పదములు వ్రాయుము, దాచుము, మూయుము, తెరువుము, అంతే. ఎవరు చేసినను, ఎక్కడ చేసినను, అదే ఫలము. వంటకమునకు కొలతలు చెప్పినట్లు దోషమునకును కొలతలు చెప్పగలిగినపుడు, దిద్దువానికి సగము పని తీరిపోవును.

ఇపుడు మన అక్షరమునకే సంబంధించిన ఒక ఉదంతము. 2018 ఫిబ్రవరి మధ్యలో ఒక్క తెలుగు అక్షరము లోకమంతట వార్త కెక్కినది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, ఆ తరువాత దీర్ఘము: ఈ కూర్పు ఏదేని సందేశములో వచ్చినచో ఆపిల్ వారి ఫోనులలోను, వారి మాక్ కంప్యూటరులలోను, దానిని చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలుచుండెను. తెరచిన ప్రతిసారియు అదే సందేశమును చూపవలసివచ్చును కనుక మరల మరల కూలుచుండెను. బంగాళీ, దేవనాగరి లిపులలోను ఇట్టి కూర్పులు కొన్ని కనబడినవి. ఆపిల్ వారు అదే నెల 19వ తేదీన సవరణ వెలువరించిరి. అనగా ఒక వారము లోపలనే.

ఒక వారము లోపల! మన లిపిపై వారికి అకస్మాత్తుగా పుట్టిన ప్రేమ అని మీరనుకొనవలదు. ఆ అక్షరమును ఎవరు ఎవరికి పంపినను వారి ఫోను చెడుచుండెను. తెలుగు అక్షరము ముక్క రానివారికి సయితము. అందుచేత లోకమంతయు ఒక్కసారిగా కేకవేసినది. దీని ప్రక్కన మరియొక దానిని పెట్టి చూడుడు. ఒక ఫాంటులో క్రింది వత్తు ప్రక్క పంక్తి తల కొట్టుకొనుట, ఒక ప్రోగ్రాములో వెనుక మీట ఒక్కసారి నొక్కినచో గుణింతపు గుర్తు మాత్రము పోవలసినది అక్షరమంతయు పోవుట, వెదకినపుడు ఉన్న పదము లేదని చెప్పుట. ఇట్టివి తెలుగువారిని మాత్రమే బాధించును. వీటికై లోకము కేకవేయదు. కేకవేయవలసినది మనమే, మనమో ఊరకుందుము. అందుచేత అవి ఏండ్ల తరబడి అట్లే పడియుండును.

అయితే మనము కేకవేసినంత మాత్రమున వినబడునా అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఎన్ని గొంతులు అను లెక్క వచ్చినపుడు మనవంటి చిన్న సమూహములు ఎప్పుడును వెనుకబడును. దీనికి 2018లోనే జరిగిన మరియొక సంగతి సాక్ష్యము. ఇది చిన్న ప్రోగ్రాము విషయము కాదు, విండోసు విషయమే. కాని ఇందులోని పాఠము చిన్నవాటికి మరింత వర్తించును.

మైక్రోసాఫ్టువారు వాడుకరుల మాట వినుటకు ఫీడ్‌బ్యాక్ హబ్ అను నొక ప్రోగ్రామును విండోసు 10 లోనే చేర్చిరి. అందులో ఎవరైనను ఒక లోపమును వ్రాయవచ్చును. అదే లోపము తమకును ఉన్నదని ఇతరులు ఓటు వేయవచ్చును. ఓట్లు ఎక్కువ వచ్చినవి పైకి తేలును, తక్కువ వచ్చినవి అడుగున పడును. 2018 అక్టోబరు 2న ఒక పెద్ద కూర్పును విడుదల చేసిరి. దానిని ఎక్కించుకొన్న కొందరి కంప్యూటరులలో పత్రములు, చిత్రములు ఉంచుకొన్న ఫైళ్ళు తుడిచిపెట్టుకొని పోయినవి. కారణము ఇది: డాక్యుమెంట్స్ వంటి సంచిని వేరొక చోటికి మార్చుకొన్నవారికి పాత సంచి మొదటి తావునందే మిగిలియుండును. క్రొత్త కూర్పు ఆ పాత సంచిని అనవసరపు నకలుగా ఎంచి తీసివేసెను. కాని కొందరి పాత సంచులలో ఫైళ్ళు ఇంకను ఉండెను. కొద్ది దినములలోనే ఆ కూర్పును ఆపివేసి, సరిదిద్ది, నవంబరు 13న మరల విడుదల చేసిరి. దెబ్బతిన్నట్లు తెలిపినవారు పదివేలమందిలో ఒకరు మాత్రమే అని కంపెనీవారు ప్రకటించిరి.

ఆ ఒక్కరి ఇంట పోయిన పెండ్లి ఫోటోల మాట యట్లుండనిండు. గమనింపదగినది వేరొకటి ఉన్నది. విడుదలకు కొన్ని నెలల ముందే, పరీక్షకై ఆ కూర్పును వాడిన కొందరు ఫైళ్ళు పోవుచున్నవని ఫీడ్‌బ్యాక్ హబ్‌లో వ్రాసియుండిరి. వారి మాటకు ఓట్లు రాలేదు. ఏలయన ఆ బాధ కొలదిమందిదే. కనుక అది అడుగున పడిపోయినది. తెరమీది బొమ్మ రంగు నచ్చలేదను మాటకు వేల ఓట్లు రావచ్చును. ఇల్లు కాలుచున్నదను మాటకు నాలుగే రావచ్చును. ఆ ఉత్పాతము తరువాత మైక్రోసాఫ్టువారు ఆ ప్రోగ్రాములో ఒక మార్పు చేసిరి. లోపమును తెలుపువారు అది ఎంత తీవ్రమైనదో, దాని దెబ్బ ఎంతటిదో కూడ గుర్తించి చెప్పుటకు వీలు కల్పించిరి.

తల లెక్కలో ఓడిపోవుట మనకు క్రొత్త కాదు. ఏ తాలూకాలో ఎంత శాతము ఉన్నామను లెక్క మీదనే మన బళ్ళును, మన అర్జీలును నిలిచి పడుచుండును గదా. కాని ప్రోగ్రాముల లోకములో ఒక మేలున్నది. అక్కడ తలల లెక్క లేకున్నను, మాటలోని కచ్చితము చేత పని జరుగును. ఒక్కడు వ్రాసినను, చెప్పినది చెప్పినట్లు చేసి చూచుకొనుటకు వీలుగ వ్రాసినచో, వ్రాసినవాని కన్ను తప్పించుకొనలేదు. వేయిమంది "బాగులేదు" అని వ్రాసినను చేయలేని పని అది.

మా అనుభవమున జరిగినది చెప్పెదము. మన పత్రిక పాత సంచికలు యూనికోడు వాడుకలోనికి రాకముందటి ఫాంటులలో కూర్చబడినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వాటిని తెరచినచో తెలుగునకు బదులు లాటిను గుర్తుల కలగూరగంప కనబడును. అందులో ఎవరి పెద్దలు ఎప్పుడు గతించిరో, ఏ పిల్లవాడు ఏ పరీక్షలో నెగ్గెనో, ఏ యేడు ఏ బడిలో తెలుగు తరగతి మూతబడెనో, మరెక్కడను లేని సంగతులున్నవి. వాటిని మార్చుటకు ఉచితముగా దొరకు ఒక చిన్న ప్రోగ్రామును వాడితిమి. చాలవరకు చక్కగా మారినది. కాని "ప్రభుత్వము" అను పదము "పభ్రుత్వము" అని వచ్చుచుండెను. "ప్రకాశము" పోయి "పక్రాశము" ఆయెను. పేర్లన్నియు వికృతములైనవి.

మన యువకులు నలుగురు కూర్చుండి తప్పుగా మారిన పదములు పదునాలుగు, సరిగా మారినవి పదునాలుగు ఏరి రెండు వరుసలుగ వ్రాసిరి. తప్పులన్నియు ర వత్తు ఉన్న పదములే అని తేలినది. అంతటితో ఆగక, ఏ ఫాంటుతో కూర్చిన సంచికలలో తప్పు వచ్చుచున్నదో, దేనితో కూర్చినవానిలో రాకున్నదో కూడ చూచిరి. ఫాంటు యొక్క ఒక పాత కూర్పులోనే ఈ చిక్కు కలదని కనుగొనిరి. ఇవన్నియు ఒక్క పుటలో వ్రాసి, రెండు పంక్తుల నమూనా ఫైలు జతచేసి పంపితిమి. పది దినములలో ఆ ప్రోగ్రాము వ్రాసిన ఆయననుండి జవాబు వచ్చినది. పాత ఫాంటులలో అక్షరములు పలుకు వరుసలో కాక గీత గీయు వరుసలో నిలువయుండును. ర వత్తును ఒక కూర్పు అక్షరమునకు ముందును, మరియొకటి వెనుకను ఉంచినది. ఆయన ఎరిగినది ఒక్క కూర్పు మాత్రమే. రెండవది ఉన్నట్లు ఇంతవరకు ఎవరును తనకు చెప్పలేదని వ్రాసెను. మరి మూడు వారములకు సవరించిన ప్రోగ్రాము వచ్చినది. అన్నేండ్లు ఎంతమంది పభ్రుత్వమును చేతితో దిద్దుకొనుచు కూర్చుండిరో ఊహించుకొనుడు!

ఇక జాబు ఎట్లు వ్రాయవలెను? సైమన్ టాథమ్ పేరు ముందు చెప్పితిమి. లోపములను చక్కగా తెలుపు విధమును గూర్చి ఆయన 1999లో ఒక వ్యాసము వ్రాసెను. అది పెక్కు భాషలలోనికి అనువదింపబడినది. ఆయన పట్టుపట్టి చెప్పునది ఒక్కటే: చూచినదానిని, ఊహించినదానిని కలుపవలదు. వైద్యుని యొద్దకు పోయి "నాకు కామెర్లు వచ్చినవి, మందిమ్ము" అనుట వేరు. కన్ను పచ్చబారినది, ఆకలి లేదు, మూడు దినములైనది అనుట వేరు. మొదటిది ఊహ, రెండవదే పనికివచ్చునది. ఊహ చెప్పరాదని కాదు. ఊహ అని చెప్పి, లక్షణముల తరువాత చెప్పవలెను.

మాదిరికి ఒక జాబు చదివెదము. ఇట్టి జాబు ఇంగ్లీషున పోవలసియుండును గాని, పోలిక తెలియుటకు తెలుగుననే వినుడు.

"అయ్యా, మీ ప్రోగ్రాము రెండవ కూర్పును విండోసు 11 పై వాడుచున్నాము. ఫాంటు నిర్మలా. క్రొత్త ఫైలు తెరచి 'స్త్రీ' అను ఒక్క పదము టైపు చేసితిమి. తెరమీద సరిగా కనబడినది. తరువాత పి.డి.ఎఫ్. గా దాచితిమి. ఆ పి.డి.ఎఫ్. లో త వత్తు, ర వత్తు అక్షరము క్రింద నిలువక ప్రక్కకు తొలగి, చుక్కల సున్న ఒకటి నడుమ కనబడుచున్నది. మూడు మారులు చేసి చూచితిమి, మూడు మారులును ఇట్లే జరిగినది. గౌతమి ఫాంటుతోను ఇట్లే. వత్తు లేని 'తల' అను పదము సరిగానే వచ్చినది. తెర చిత్రము, పి.డి.ఎఫ్., రెండును జతపరచితిమి."

ఇందులో కోపము లేదు, పొగడ్త లేదు, ఉపన్యాసము లేదు. చదివినవాడు అయిదు నిమిషములలో తన బల్లపై అదే పని చేసి అదే తప్పును కన్నులార చూడగలడు. "తల" సరిగా వచ్చినదను మాట ఎందుకని కొందరడుగుదురు. తప్పు ఎక్కడ లేదో చెప్పుట, ఎక్కడ ఉన్నదో చెప్పుటతో సమానము. దానివలన వెదకవలసిన చోటు సగమునకు తగ్గును.

మన విషయమున ఇంకొక మెట్టు ఎక్కవలెను. చదువువానికి తెలుగు రాదు. "స్త్రీ" తప్పుగా ఉన్నదని మనమనినచో, సరియైనది ఎట్లుండునో అతనికేమి తెలియును? రెండును అతని కన్నులకు ముగ్గులే. కనుక ఒప్పు రూపమును కాగితముపై పెద్దగా వ్రాసి ఫోటో తీసియో, అచ్చు పుస్తకములోని పదమును ఫోటో తీసియో ప్రక్కన పెట్టవలెను. తరువాత ఆ పదము ఏ గుర్తులతో కూడియున్నదో విడదీసి వ్రాయవలెను: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘము, అని. యూనికోడు పట్టికలో ప్రతి గుర్తునకును ఒక సంఖ్య కలదు. ఆ సంఖ్యలను కూడ వ్రాసినచో భాషతో పని లేకయే అతడు గ్రహించును. ఈ పని తెలుగు చదివినవారు తప్ప లోకమున మరెవ్వరును చేయలేరు. ఎంతటి మేధావియైనను, ఎంత పెద్ద కంపెనీ అయినను, మన వత్తు చెడినదో లేదో మన కన్నే చెప్పవలెను.

ఒక జాగ్రత్త. నమూనా ఫైలు పంపుమన్నారు గదా అని సభ్యుల జాబితాను, వారి ఫోను నంబరులతో, ఆధారు సంఖ్యలతో సహా పంపివేయవలదు. లోపము కనబడునంత మటుకు నాలుగు కల్పిత పంక్తులు వ్రాసి పంపవలెను. అట్లు చిన్నది చేయుటలో తరచుగ లోపపు మూలమే బయటపడును.

ఇంతవరకు చెప్పినది తెలుగువారందరికి సామాన్యము. ఇక ముందు చెప్పబోవునది ప్రత్యేకముగ మనకు. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుండి తెలుగు ప్రోగ్రాము వ్రాయువారు తెలుగును ఇంగ్లీషును మాత్రమే తలచుకొందురు. మన పుట అట్టిది కాదు. బళ్ళారిలో తెలుగు వాక్యము నడుమ కన్నడపు వీథి పేరు వచ్చును. హోసూరులో తమిళపు సర్కారు ఉత్తరువు సంఖ్య వచ్చును. బరంపురములో ఒడియా, షోలాపురములో మరాఠీ. రెండు భారతీయ లిపులు ఒకే పంక్తిలో కలిసినపుడే ఎన్నో ప్రోగ్రాముల లోగుట్టు బయటపడును. ఒక ఫాంటులో కన్నడ అక్షరము లేనిచో ప్రోగ్రాము మరియొక ఫాంటునుండి అరువు తెచ్చును. దాని ఎత్తు వేరు. ఆ ఒక్క పదము కొరకు పంక్తి దిగజారి పుట వంకర పోవును. టైపు భాషను మార్చు మీట రెండు భాషల నడుమ చక్కగ తిరిగి, మూడవది చేరగనే తడబడును. ఈ చిక్కులు హైదరాబాదు వారి కంట పడవు. మన కంటనే పడును. మనము చెప్పకున్నచో చెప్పువారు లేరు. సరిహద్దున నున్నవారికి ఈ విషయమున రాజధానిలోని వారికంటె ఎక్కువ తెలియునని మా అభిప్రాయము. అతిశయోక్తి యనుకొన్నచో మీరే పరీక్షించి చూడుడు.

అక్షరదోష పరీక్ష చేయు సాధనముల మాట కూడ ఇక్కడనే చెప్పవలెను. లిబర్ ఆఫీసు మొదలగువాటిలో ఈ పని చేయు హన్‌స్పెల్ అనునది మొదట హంగేరీ భాష కొరకు పుట్టినది. ప్రత్యయములు గొలుసుగ చేరు భాష అది. మన భాష వలెనే. అయినను పదముల పట్టిక ఎంత పెద్దదైన తెలుగు సంధులను, విభక్తులను అన్నింటిని అది ఎరుగదు; ఒప్పు పదము క్రిందను ఎఱ్ఱ గీత గీయును. మన ఊళ్ళ మాటల సంగతి చెప్పనక్కరలేదు. అట్టి పదములను నెలకు నూరు చొప్పున ఏరి, అర్థముతో పంపినచో, అది లోపమును తెలుపుట కాదు, పట్టికను పెంచుట. మనము నిత్యము మాటాడు పదము తప్పుగ గీత పడుచుండ, పిల్లలు దానిని నిజముగనే తప్పని నమ్ముచున్నారు. ఇది మేము చూచుచున్నదే.

లోపము వేరు, కోరిక వేరు. "ఇది పని చేయుట లేదు" అను జాబులో "అదియు ఉన్నచో బాగుండును" అని కలుపకుడు. రెండు జాబులుగ వ్రాయుడు. కోరిక తీరవచ్చును, తీరకపోవచ్చును. వ్రాసినవాడు మన కూలివాడు కాడు. అయినను కోరికకు బలము లేకపోలేదు. 2017 జులైలో పెయింటు అను చిన్న బొమ్మల ప్రోగ్రామును ఇకమీదట పెంపొందింపబోమను జాబితాలో మైక్రోసాఫ్టువారు చేర్చిరి. చిన్నతనమున దానిపై గీతలు గీసినవారు లోకమంతట లేచి నిలిచిరి. వెంటనే కంపెనీవారు దానిని తీసివేయబోమని తెలుపవలసివచ్చినది. నేటికిని అది విండోసులో ఉన్నది, పెరుగుచు కూడ ఉన్నది. పాతబడిన చిన్న ప్రోగ్రాముపై మనుష్యులకు అంత మమకారముండునని దానిని చేసినవారికే తెలియదు కాబోలు!

వ్రాసినవారి పక్షమునను ఒక మాట. అమెరికాలోని డొనాల్డ్ నూత్ అను పండితుడు పుస్తకములు కూర్చు టెక్ అను ప్రోగ్రామును 1978లో వెలువరించెను. తన పుస్తకములలో తప్పు చూపినవారికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపెడివాడు. ప్రోగ్రాములోని తప్పులకు బహుమానము ఏటేట పెరిగి 327 డాలర్ల 68 సెంట్లకు చేరినది. చెక్కు అందుకొన్నవారిలో పెక్కురు దానిని బ్యాంకులో వేయక పటము కట్టించి గోడకు తగిలించుకొనిరి. మోసగాండ్ర బెడద చేత 2008లో నిజమైన చెక్కులు మాని, కల్పిత బ్యాంకు పేర పత్రములు పంపసాగెను. తన తప్పు చూపినవానికి తానే డబ్బిచ్చుట! మన బెంగుళూరు, చెన్నపట్టణముల కచేరీలలో ప్రోగ్రాములు వ్రాయుచున్న మన పిల్లలు అంత చేయనక్కరలేదు. వారు ఏ చిన్న వస్తువు చేసినను, అందులో తమకు జాబు వ్రాయు చిరునామాను, కూర్పు సంఖ్యను స్పష్టముగ చూపినచో చాలును. వచ్చిన జాబునకు "చూచితిని, ఇపుడు తీరిక లేదు" అనియైన బదులు వ్రాయవలెను. బదులు లేని జాబు వ్రాసినవాడు రెండవది వ్రాయడు.

మనము కూడ నక్షత్రము ఒకటి వేసి, తిట్టు రెండు వ్రాసి ఊరకొనుట మానవలెను. సవరణ వచ్చిన తరువాత మరల పరీక్షించి, సరిపోయినదని ఒక్క పంక్తి వ్రాయుట మరువరాదు. ర వత్తు సరియైన దినమున మన యువకులు వ్రాసిన కృతజ్ఞతకు ఆ ప్రోగ్రాము వ్రాసినాయన, ఇంకేవైన పాత ఫాంటులు మీ యొద్ద కలవా, నమూనాలు పంపుడని తానే అడిగెను. ఇప్పటికి మూడు పంపితిమి.

ఇకమీదట చేయబోవు ఏర్పాటు చెప్పి ముగించెదము. పఠన మందిరమున కంప్యూటరు ప్రక్కన ఒక నోటుపుస్తకము ఉంచుచున్నాము. ఎవరికి ఏ లోపము కనబడినను తేది, ప్రోగ్రాము పేరు, కూర్పు సంఖ్య, ఏమి చేసిరి, ఏమి కనబడినది, ఏమి కనబడవలసియుండెను, ఇంతమట్టుకు తెలుగుననే అందులో వ్రాయవచ్చును. ఇంగ్లీషు రాదని ఎవరును వెనుదీయనక్కరలేదు. ప్రతి రెండవ ఆదివారము ఉదయము ఇద్దరు యువకులు కూర్చుండి వాటిని చేసి చూచి, నిజమని తేలినవాటిని ఇంగ్లీషున వ్రాసి పంపుదురు. వచ్చిన బదులు పత్రిక చివరి పుటలో ప్రకటింపబడును. మొదటి పుటలో మేమే ఒకటి వ్రాసితిమి. తెలుగు పంక్తిలో కన్నడ పదము చేరినపుడు పుట వంకరపోవు చిక్కు అది. మీలో ఎవరి యింటి కంప్యూటరులోనైన అట్లు జరుగుచున్నదో లేదో ఈ వారము చూచి, ఫాంటు పేరుతో సహా దాని క్రింద వ్రాయగోరుచున్నాము.